కొత్త డెస్క్‌టాప్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు: ఎస్‌ఎంపీఎస్ పోయిందా, బోర్డు పోయిందా?

మీ ప్రశ్న సారాంశం ఇదండి. భీమవరం పక్క పల్లెలో, ఇంట్లోనే కొత్త డెస్క్‌టాప్ బిగించుకున్నారు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్, బీ760 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చే డీసీగా మార్చే సప్లై పెట్టె. వెనక స్విచ్చు వేస్తే బోర్డు మీద ఓ మూల చిన్న లైటు వెలుగుతోంది. ముందు బటన్ నొక్కితే మాత్రం ఏమీ లేదు, ఒక్క ఫ్యానూ కదలడం లేదు. ఎస్‌ఎంపీఎస్ వాపసు పంపాలా, బోర్డు పంపాలా అని అడిగారు.

ఇప్పుడే ఏదీ పంపకండి. కొత్తగా బిగించిన మిషన్ లేవకపోతే ముందు అనుమానించాల్సింది బిగింపుని, వస్తువుని కాదు. మంచి బోర్డుని డబ్బాలో పెట్టి కొరియర్‌లో పంపితే వారం పదిరోజులు పోతాయి. తిరిగొచ్చాక కూడా అదే వైరు అలాగే వదులుగా ఉంటుంది. పైగా ప్రాసెసర్ తీసి పెట్టేటప్పుడు సాకెట్‌లోని పిన్ను ఒక్కటి వంగినా వారంటీ గోవిందా. కరెంటు గోడ నుంచి లోపలికి ఏ దారిలో వెళ్తుందో ఆ దారినే నడవండి. ఒక్కో చోట ఒక్క మార్పే చేసి చూడండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు.

మీరు చెప్పిన ఆ చిన్న లైటే ఇక్కడ పెద్ద ఆధారం. ఎస్‌ఎంపీఎస్ పెట్టె ఒక్కటే అయినా లోపల ఉన్నవి రెండు సప్లైలు. చిన్నది స్టాండ్‌బై. వెనక స్విచ్చు వేయగానే ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు ఇస్తుంది, మిషన్ ఆఫ్‌లో ఉన్నా ఇస్తూనే ఉంటుంది. పెద్దది 12, 5, 3.3 వోల్టులు ఇచ్చే అసలు సప్లై, అది నిద్రలో ఉంటుంది. మీరు బటన్ నొక్కితే ఆ కబురు బోర్డుకి వెళ్తుంది. బోర్డు 24 పిన్నుల కనెక్టర్‌లోని ఆకుపచ్చ వైరుని గ్రౌండ్‌కి లాగుతుంది. అప్పుడు పెద్ద సప్లై లేస్తుంది. ఓల్టేజీలన్నీ కుదురుకున్నాక, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు, బూడిద రంగు వైరు మీద సరే అని సంకేతం వెళ్తుంది. అది అందాకే ప్రాసెసర్ పని మొదలెడుతుంది.

మన డెల్టా భాషలో చెప్పాలంటే మీ ఇంట్లో నీళ్లు లాకు దాకా వచ్చి ఆగాయి. తలుపు ఎత్తమని లస్కరుకి, అంటే లాకు దగ్గర తలుపులు ఎత్తే మనిషికి, కబురు అందలేదో, అందినా తలుపు లేవడం లేదో, లేచిన తలుపు వెంటనే పడిపోతోందో తేల్చాలి. బోర్డు లైటు వెలిగిందంటే గోడ సాకెట్టు, పవర్ కార్డు (గోడ నుంచి ఎస్‌ఎంపీఎస్‌కి వచ్చే తీగ), వెనక స్విచ్చు, ఎస్‌ఎంపీఎస్‌లో చిన్న సగం బాగున్నట్టే. పెద్ద సగం బాగుందని మాత్రం ఆ లైటు చెప్పదు. 24 పిన్నుల కనెక్టర్ పూర్తిగా కూర్చుందనీ చెప్పదు. ఒక పక్క ఒరిగి ఊదా పిన్ను తగిలితే చాలు, లైటు వెలుగుతుంది.

ఇదే సమస్యతో వచ్చి, బోర్డు మీద ఏ లైటూ వెలగనివాళ్ల కోసం గోడ వైపు సంగతి కూడా చెప్తాను. ముందుగా, స్టాండ్‌బై లైటు పెట్టని బోర్డులు కూడా ఉన్నాయి, లైటు లేదని వెంటనే బెంగపడకండి. సాకెట్టులో లైన్ టెస్టర్ వెలిగితే కరెంటు ఉందని అనుకుంటాం. టెస్టర్ చూపేది ఫేజు ఒక్కటే. న్యూట్రల్ తెగిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది. అందుకని అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో, అదే రంధ్రాల్లో టేబుల్ ల్యాంపో సెల్ ఛార్జరో పెట్టి చూడండి. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి సాకెట్ల లోపలి ఇత్తడి రేకులు నల్లబడి పట్టు తప్పుతాయి. ప్లగ్గు దూరుతుంది గానీ రేకు తగలదు. పవర్ కార్డు ఎస్‌ఎంపీఎస్ వెనక భాగంలో పూర్తిగా లోపలికి వెళ్లాలి. ఆఖరి అర సెంటీమీటరు గట్టిగా ఉంటుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. వెనక రాకర్ స్విచ్చు మీద నిలువు గీత వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. పాతరకం, చవకరకం సప్లైల వెనక 115, 230 అని జరిపే ఎర్ర మీట ఉంటుంది. మన దేశంలో అది 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి స్విచ్చు వేస్తే ఢామ్మని పేలుతుంది, ఇక దాన్ని రిపేరు చేయించే ఆలోచన పెట్టుకోవద్దు.

ఓల్టేజీ మాట. సప్లై పక్కన అంటించిన స్టిక్కరు చదవండి. 100–240 అని ఉంటే లో-ఓల్టేజీకి భయపడక్కర్లేదు. 200–240 అని ఉంటే, రాత్రిపూట చేపల, రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగే లైన్లలో ఓల్టేజీ 180కి దిగినప్పుడు ఆ సప్లై మొరాయించవచ్చు. పొద్దున లేచి రాత్రి లేవని మిషన్‌కి ముందు చూడాల్సింది ఇది. అలాగే, మొదటిసారి పరీక్షించేటప్పుడు ఇన్వర్టర్ లైను మీదా, చిన్న యూపీఎస్ మీదా పెట్టకండి. స్క్వేర్ వేవ్ ఇచ్చే ఇంటి ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటుని సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని సప్లైలకి పడదు. తిన్నగా కరెంటు లైను మీదే పెట్టి చూడండి.

ఇక మీ మిషన్ దగ్గరికి వద్దాం. మొదట ఖర్చు లేని పని. వెనక స్విచ్చు ఆపి, పవర్ కార్డు పీకి, ముందు బటన్‌ని ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద లైటు పూర్తిగా ఆరిపోవాలి. ఓ అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. దీనికో కారణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కి ఒకసారి షార్ట్ తగిలితే అది తనని తాను బిగించుకుని కూర్చుంటుంది. లోపలి ఛార్జీ పూర్తిగా దిగేదాకా ఎన్నిసార్లు బటన్ నొక్కినా పలకదు. మీరు షార్ట్ సరిచేసినా ఈ అర నిమిషం ఆగకపోతే ఇంకా పాడైనట్టే కనిపిస్తుంది. కింద చెప్పే ప్రతి పరీక్షకీ ముందు ఇలాగే పూర్తిగా దించండి.

తర్వాత బటన్. కేబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే సన్న వైరు చివర రెండు రంధ్రాల చిన్న ప్లగ్గు ఉంటుంది, దాని మీద పవర్ స్విచ్ అని అచ్చు వేసి ఉంటుంది. అది బోర్డు కింది కుడి మూల ఉన్న పిన్నుల గుంపులోకి వెళ్లాలి. అక్కడ రెండు వరుసల్లో మొత్తం 9 పిన్నులుంటాయి, ఒక మూల పిన్ను ఉండదు. ఆ ఖాళీ మూలే మీకు గుర్తు, అది 10వ స్థానం. అదే వరుసలో ఖాళీ నుంచి వెనక్కి వస్తే మొదటి రెండు పిన్నులు, అంటే 8, 6, పవర్ బటన్‌వి. వాటి తర్వాత ఉన్న 4, 2 పవర్ లైటువి. రెండో వరుసలో ఖాళీకి ఎదురుగా ఉన్న 9వ పిన్నుని దేనికీ వాడరు. దాని పక్కన 7, 5 రీసెట్, ఆపైన 3, 1 హార్డ్‌డిస్క్ లైటు. చాలా బోర్డుల్లో ఇదే వరుస. అయినా మీ బోర్డు మాన్యువల్‌లో బొమ్మతో పోల్చుకోండి. పవర్ బటన్ ప్లగ్గుకి ప్లస్ మైనస్ లేదు, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. తిరగేస్తే పనిచేయనివి లైట్ల ప్లగ్గులు మాత్రమే.

ప్లగ్గు ఒక్క పిన్ను పక్కకి జరిగి కూర్చోవడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. కేబినెట్ మూల చీకటిగా ఉంటుంది, వేళ్లు దూరవు, పైనుంచి చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది. సెల్ టార్చి వేసి పక్కనుంచి చూడండి. ఇంకా మంచిది, ఆ గుంపులోని ప్లగ్గులన్నీ పీకేయండి. వెనక స్విచ్చు వేసి, సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో 6, 8 పిన్నులు రెండూ ఒకేసారి తగిలేలా ఒక్క క్షణం ఆనించి తీసేయండి. ఆ పిన్నుల మీద ఉండేది 5 వోల్టుల లోపే, షాక్ కొట్టదు. పక్క పిన్నులకి తగలనివ్వకండి, అంతే. మిషన్ లేచిందా, అయితే మీ సమస్య కేబినెట్ బటనో దాని వైరో. పవర్ బటన్ బదులు రీసెట్ బటన్ ప్లగ్గుని 6, 8 మీద పెట్టుకుని నిశ్చింతగా వాడుకోవచ్చు, రెండూ ఒకే రకం స్విచ్చులు. బటన్ లోపలికి నొక్కుకుపోయి ఇరుక్కుంటే ఇంకో లక్షణం కనిపిస్తుంది. మిషన్ లేచి, సరిగ్గా నాలుగైదు సెకన్లకి ఆరిపోతుంది. బటన్‌ని ఎవరో నొక్కిపట్టుకున్నట్టు బోర్డు అనుకుంటుంది మరి.

స్క్రూడ్రైవర్‌తోనూ లేవలేదంటే 24 పిన్నుల కనెక్టర్ దగ్గరికి రండి. దీన్ని బాగా చూడమని గట్టిగా చెప్తున్నాను. ఈ కనెక్టర్‌కి ఒక పక్క కొక్కెం ఉంటుంది, బోర్డు మీది సాకెట్టుకి చిన్న గడప లాంటిది ఉంటుంది. కొక్కెం ఆ గడప దాటి కిందకి దిగాలి, దిగినప్పుడు టక్కుమని చప్పుడు వస్తుంది. కొత్త కనెక్టర్ బిగుతుగా ఉంటుంది, నొక్కుతుంటే బోర్డు కిందకి వంగుతుంది, విరిగిపోతుందేమోనని సగంలో వదిలేస్తారు. ఎడమ చేతి వేళ్లు బోర్డు అంచు కింద ఆనించి, కుడి చేతి బొటనవేలితో కనెక్టర్ ఒక కొస, తర్వాత రెండో కొస నొక్కండి. కూర్చున్నాక పక్కనుంచి చూస్తే ప్లాస్టిక్‌కీ సాకెట్టుకీ మధ్య సందు కొస నుంచి కొస దాకా ఒకేలా ఉండాలి. ఒక కొసన గోరు దూరేంత సందు, రెండో కొసన సందే లేదు అంటే ఒరిగి ఉన్నట్టు. కొక్కెం నొక్కకుండా మెల్లగా లాగి చూడండి, రాకూడదు. మీ ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ అయితే, అంటే కేబుళ్లు సప్లై నుంచి కూడా విడిగా ఊడివచ్చే రకమైతే, ఇదే కేబుల్ రెండో కొస సప్లైలోకి వెళ్తుంది, అక్కడ కూడా ఇదే పరీక్ష. పాత మిషన్‌లోని వేరే కంపెనీ మాడ్యులర్ కేబుళ్లు వాడి ఉంటే ఇప్పుడే పీకేయండి. బోర్డు వైపు కనెక్టర్లకి ప్రమాణం ఉంది గానీ సప్లై వైపు కొసకి లేదు. కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా పిన్నుల వరుస మారిపోతుంది. 5 వోల్టుల చోట 12 వెళ్తే డిస్కులు కాలిపోతాయి.

ప్రాసెసర్ పక్కన, బోర్డు పై ఎడమ మూల, ఇంకో 8 పిన్నుల సాకెట్టు ఉంది. అందులోకి 4+4గా విడిపోయే కేబుల్ వెళ్లాలి, దాని మీద సీపీయూ అని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ కూడా 8 పిన్నులే, కానీ అది 6+2గా విడిపోతుంది, పీసీఐ-ఈ అని ఉంటుంది. ఈ రెంటిలో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి. రంధ్రాల ఆకారం వేరు కాబట్టి మామూలుగా దూరదు. అయినా బిగుతుగా ఉందని బలం పెట్టి తోసేవాళ్లున్నారు. అలా తోస్తే సప్లైకి తిన్నగా షార్ట్ తగిలినట్టే, అది లేవదు. మంచి సప్లై అయితే తనని తాను కాపాడుకుంటుంది. మీది ఏది ఎందులో ఉందో అచ్చు చదివి చూడండి. సీపీయూ కేబుల్ అసలే పెట్టకపోతే లక్షణం వేరు, అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మీద ఏమీ రాదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లేవకపోతే మల్టీమీటర్ కావాలి. చిన్న డిజిటల్ మీటరు రెండు మూడొందలకే వస్తుంది. కొనడం ఇష్టం లేకపోతే ఏరియేటర్ మోటార్లు రీవైండింగ్ చేసే ఏ షాపులో అయినా ఉంటుంది, అరగంట అడిగి తెచ్చుకోండి. ఎస్‌ఎంపీఎస్సా బోర్డా అన్న మీ ప్రశ్నకి ఊహలతో పనిలేకుండా జవాబు చెప్పే పరీక్ష ఇదొక్కటే. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల ప్రోబ్‌ని ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఖాళీ మోలెక్స్ కనెక్టర్‌లో (పాతరకం డిస్కులకి పెట్టే నాలుగు పిన్నుల వెడల్పాటి ప్లగ్గు) ఏదైనా నల్ల వైరు రంధ్రంలో పెట్టండి. 24 పిన్నుల కనెక్టర్‌ని బోర్డులో అలాగే ఉంచి, వైర్లు లోపలికి వెళ్లే వెనక వైపు నుంచి ఎర్ర ప్రోబ్ మొనని వైరు పక్కగా దించండి, లోపలి లోహానికి తగిలేదాకా.

ముందు ఊదా వైరు, 9వ పిన్ను. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. బటన్ నొక్కినప్పుడు ఇది నాలుగు కిందకి జారిపోతే స్టాండ్‌బై బలహీనంగా ఉన్నట్టే, సప్లైది తప్పు. లేదా ఏదో యూఎస్‌బీ సాకెట్టు ఆ 5 వోల్టుల్ని లాగేస్తోంది. ముందువైపు యూఎస్‌బీ ప్లగ్గులు పీకి మళ్లీ చూడండి, బోర్డు మీద వాటి పిన్ను వంగి పక్కదానికి ఆనిన సందర్భాలు తక్కువేమీ కాదు.

తర్వాత ఆకుపచ్చ వైరు, 16వ పిన్ను. వైర్లన్నీ నలుపే అయితే మాన్యువల్‌లో 24 పిన్నుల బొమ్మ చూసి ఏది 16 అన్నది గుర్తుపట్టండి. మిషన్ ఆఫ్‌లో ఉండగా ఆకుపచ్చ మీద రెండున్నర నుంచి 5 వోల్టుల దాకా ఏదో ఒకటి నిలకడగా కనిపించాలి. ఇప్పుడు మీటరు అలాగే పట్టుకుని, ఇంట్లో ఇంకొకరి చేత బటన్ నొక్కించండి.

అంకె కదలలేదంటే బోర్డుకి కబురు అందలేదు, లేదా అందినా బోర్డు ఒప్పుకోవడం లేదు. స్క్రూడ్రైవర్‌తో 6, 8 తాకించినా కదలకపోతే బోర్డు గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, తీసి ఐదు నిమిషాలు ఉంచి మళ్లీ పెట్టండి. బ్యాటరీ మీద 3 వోల్టుల దగ్గర ఉండాలి. అప్పటికీ కదలకపోతే అనుమానం బోర్డు మీదకి పోతుంది.

అంకె సున్నా దగ్గరికి పడి, అక్కడే ఉండి, ఫ్యాను తిరగకపోతే బోర్డు తన పని చేసింది. తలుపు ఎత్తమని అడిగింది, లేవలేదు. సప్లైయో, దాని మీద పడిన షార్టో. పడి, వెంటనే మళ్లీ పైకి ఎగిరితే ఇది ఎక్కువగా షార్ట్ లక్షణం, దీనితో పాటు ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగడం కూడా చూస్తారు. బటన్ నొక్కకుండానే సున్నా ఉంటే బోర్డు ఎప్పటినుంచో అడుగుతూనే ఉంది, సప్లై వినడం లేదు.

సప్లై తప్పో, షార్ట్ తప్పో విడదీయడం సులభం. పూర్తిగా దించి, గ్రాఫిక్స్ కార్డు తీసేసి, సీపీయూ 8 పిన్నుల కేబుల్ పీకి, డిస్కుల కేబుళ్లు పీకి, 24 పిన్నులు ఒక్కటే ఉంచి నొక్కండి. ఇప్పుడు ఫ్యాను తిరిగితే పీకినవాటిలో ఒకటి షార్ట్. అర నిమిషం దించుతూ ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. ఏది పెట్టగానే ఆగిపోయిందో అదే. సీపీయూ కేబుల్ పెట్టగానే ఆగితే, కేబుల్ తీసి బోర్డు మీది ఆ 8 పిన్నుల సాకెట్టులో 12 వోల్టుల పిన్నుకీ గ్రౌండు పిన్నుకీ మధ్య మీటరు బీప్ పెట్టి చూడండి. ఒక్క క్షణం మోగి ఆగితే కెపాసిటర్లు నిండుతున్నాయి, అది మంచిదే. ఆగకుండా మోగుతూనే ఉంటే బోర్డు మీది పవర్ భాగం షార్ట్ అయింది, ఆ బోర్డు వాపసు పంపాల్సిందే.

అన్నీ పీకినా లేవకపోతే బోర్డుని కేబినెట్‌లోంచి బయటికి తీయండి. బద్ధకించకండి, దీనికి కారణం ఉంది. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి, బోర్డుని కేబినెట్ రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు. కేబినెట్‌లో కంపెనీవాళ్లు పెద్ద బోర్డుకి సరిపడా ముందే బిగించి పంపుతారు. మీ బోర్డు మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజుది అయితే దాని రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ మిగిలిపోయి, బోర్డు వెనక టంకాల్ని పొడుస్తూ ఉంటుంది. కేబినెట్ వెనక సాకెట్ల చుట్టూ ఉండే ఐఓ రేకు నాలుక ఒకటి యూఎస్‌బీ లేదా నెట్ సాకెట్టులోకి దూరి ఉండవచ్చు. బిగించేటప్పుడు జారిన స్క్రూ బోర్డు వెనక ఇరుక్కుని ఉండవచ్చు. ఈ మూడూ పైనుంచి కనిపించవు. కేబినెట్‌ని వాల్చి ఊపితే గలగలమన్నా, అనకపోయినా, తీసి చూడాల్సిందే.

బోర్డు కొన్న అట్టపెట్టె మీద దాన్ని పరవండి. అది చుట్టి వచ్చిన వెండిరంగు కవరు మీద వద్దు, ఆ కవరు పైభాగం కరెంటుని కొద్దిగా పోనిస్తుంది. ప్రాసెసర్, దాని కూలరు, ఒక్క ర్యామ్, 24 పిన్నులు, సీపీయూ 8 పిన్నులు. ఇంకేమీ పెట్టకండి. ర్యామ్‌ని ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో పెట్టండి, నాలుగు స్లాట్ల బోర్డులో అదే దాని చోటు. 6, 8 పిన్నులు స్క్రూడ్రైవర్‌తో తాకించండి. ఇక్కడ లేస్తే తప్పు కేబినెట్‌లో ఉంది, బోర్డులోనూ సప్లైలోనూ లేదు. ఈ పని చేసేటప్పుడు తడి నేల మీద ఉత్తి కాళ్లతో నిలబడకండి. కేబినెట్ ఇనుముని ఒకసారి తాకి మొదలెట్టండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ భయం తక్కువే, ఏసీ గదిలో అయితే జాగ్రత్త పడండి.

సప్లైని ఒంటరిగా పరీక్షించడం చివరి అంకం. 24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి తీసేసి, ప్లాస్టిక్ తొడుగున్న తీగ ముక్కని యూ ఆకారంలో వంచి, కొసలు ఒలిచి, ఆకుపచ్చ రంధ్రంలోకీ పక్కనే ఉన్న నల్ల రంధ్రంలోకీ గుచ్చండి. తీగ పెట్టేటప్పుడు వెనక స్విచ్చు ఆఫ్‌లో ఉండాలి. పెట్టాక వేయండి. ఒక కేబినెట్ ఫ్యానుని మోలెక్స్‌కి తగిలించి ఉంచితే అది తిరగాలి. ఎస్‌ఎంపీఎస్ సొంత ఫ్యాను చూసి తీర్పు ఇవ్వకండి, లోడు లేనప్పుడు ఫ్యాను తిప్పని సప్లైలు ఇప్పుడు చాలా ఉన్నాయి. మోలెక్స్‌లో పసుపు మీద 11.40 నుంచి 12.60, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. వైర్లన్నీ నలుపైతే లెక్కపెట్టి గుచ్చే సాహసం వద్దు. కనెక్టర్‌ని ఎటునుంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి లెక్క తిరగబడుతుంది. కొన్ని సప్లైలతో పాటు పెట్టెలో దీనికోసమే చిన్న జంపర్ ప్లగ్గు వస్తుంది, లేదా ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ అని విడిగా దొరుకుతుంది. ఈ పరీక్షలో అంకెలు సరిగ్గా వచ్చినా సప్లై పూర్తిగా మంచిదని కాదు, లోడు పడితే కూలిపోవచ్చు. అంకెలు రాకపోతే మాత్రం పాడైనట్టే, సందేహం లేదు.

ఏ పరిస్థితిలోనూ ఎస్‌ఎంపీఎస్ మూత విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్ మీద 325 నుంచి 400 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. ప్రాణాలు తీస్తుంది. వారంటీ స్టిక్కరు సంగతి ఆ తర్వాతి మాట.

మిషన్ లేచి, ఫ్యాన్లు తిరిగి, తెర నల్లగా ఉంటే కంగారు పడి మళ్లీ మొదటికి రాకండి, అది వేరే సమస్య. మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది, అంటే దానిలో గ్రాఫిక్స్ లేదు. మానిటర్ కేబుల్ బోర్డు వెనక సాకెట్టులో పెడితే ఎప్పటికీ ఏమీ రాదు, కార్డు మీద పెట్టాలి. కార్డుకి దాని పవర్ కేబుల్ విడిగా పెట్టాలి. ర్యామ్‌లు రెండూ రెండు, నాలుగు స్లాట్లలో, రెండు కొసలా టక్కుమనేదాకా నొక్కాలి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు కొన్ని బోర్డుల మీద ఉంటాయి, ఆరకుండా వెలుగుతూ ఉండిపోయిన లైటు పేరే మీకు జవాబు. డీడీఆర్5 బోర్డు వాళ్లకి ఒక మాట: మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని అది కొలుచుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటినుంచి కొలుస్తుంది.

కేబినెట్ తాకితే వేళ్లకి జిమ్మంటోందని కూడా రాశారు. అది లేవకపోవడానికి కారణం కాదు గానీ వదిలేయకండి. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ కేబినెట్ ఇనుముకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్నుకి ఎర్తు లేకపోతే కేబినెట్ మీద సుమారు 115 వోల్టులు తేలుతాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జిమ్మంటుంది అంతే. మీ సాకెట్టులో మూడో రంధ్రం ఉంది గానీ వెనక వైరు ఉండి ఉండదు, పాత ఇళ్లల్లో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి జీఐ పైపు, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంత తీయించండి. మన డెల్టా నేలలో తేమ ఎక్కువ కాబట్టి ఎర్తు బాగా పట్టుతుంది. అప్పటిదాకా హెచ్‌డీఎంఐ కేబుళ్లు పెట్టడం, తీయడం చేసేటప్పుడు మిషన్ ప్లగ్గూ మానిటర్ ప్లగ్గూ రెండూ పీకే ఉంచండి.

ఇన్ని చేశాక వాపసు పంపాల్సి వస్తే షాపువాళ్లకి ఆన్ అవట్లేదని మాత్రం చెప్పి ఊరుకోకండి. ఊదా మీద ఎంత, ఆకుపచ్చ నొక్కకముందు ఎంత, నొక్కాక ఎంత, అట్టపెట్టె మీద పెట్టినప్పుడు ఏం జరిగింది, ఈ నాలుగూ కాయితం మీద రాసి ఇవ్వండి. బోర్డు పంపేముందు సాకెట్ పిన్నుల ఫోటో టార్చి వెలుగులో, వాలుగా, దగ్గరినుంచి తీసి ఉంచుకోండి, తర్వాత ప్లాస్టిక్ మూత పెట్టండి. పిన్నులు వంగాయంటూ తిరిగి పంపితే ఆ ఫోటోయే మీకు దిక్కు. ఈలోగా మీటరు దొరికితే ఆకుపచ్చ వైరు అంకెలు రెండూ ఇక్కడ రాయండి. అవి చూస్తే ఏది పంపాలో మారు మాట లేకుండా చెప్పొచ్చు.